థామస్ బ్రాసీ: బ్రిటిష్ రైల్వేల్లో గుత్తేదారు అసలు చేసిన పని ఏమిటి?

చదువరి (ప్రశ్న):

నమస్కారం. పంతొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ రైల్వేల చరిత్ర చదువుతున్నాను. ఎక్కడ చూసినా ఇంజినీర్ల పేర్లే: జార్జ్ స్టీఫెన్‌సన్, ఆయన కొడుకు రాబర్ట్, బ్రూనెల్, జోసెఫ్ లాక్. వారి వెనక థామస్ బ్రాసీ అనే పేరు పదే పదే తొంగిచూస్తుంది. 'గుత్తేదారు' అనే ఒక్క మాటతో సరిపెట్టి రచయితలు ముందుకు సాగిపోతారు. గీతలు గీసింది ఇంజినీరు, డబ్బు పెట్టింది కంపెనీ, మట్టి తవ్వింది కూలీలు. మరి మధ్యలో ఈయన చేసిందేమిటి? ఒక్క మనిషి ఒకే కాలంలో ఇంగ్లండులోనూ ఫ్రాన్సులోనూ కెనడాలోనూ పనులు ఎలా నడిపాడు? 1866లో ఆయన భాగస్వామి పీటో దివాలా తీస్తే ఈయన ఎలా నిలబడ్డాడు? తెలిసినవారు చెప్పగలరు.

రైలుబాట:

ముందు క్లుప్తంగా. బ్రాసీ 1805లో చెషైర్‌లోని బ్యూయర్టన్‌లో రైతు కుటుంబంలో పుట్టాడు. పదహారేళ్లకు విలియం లాటన్ అనే భూమి సర్వేయరు దగ్గర పనికి చేరాడు. ఆ తరువాత బర్కెన్‌హెడ్‌లో ఇటుకలు, రాయి, సున్నం వ్యాపారం చేశాడు. లివర్‌పూల్-మాంచెస్టర్ దారిలో శాంకీ వయాడక్ట్‌కు (లోయ మీదుగా కమానులతో కట్టే పొడవైన వంతెన) రాయి వెతుక్కుంటూ జార్జ్ స్టీఫెన్‌సన్ స్టోర్టన్ క్వారీకి వచ్చినప్పుడు ఇద్దరికీ పరిచయమైంది. రైల్వే పనులకు ధర వేయమని ప్రోత్సహించింది ఆయనే. భార్య మరియా కూడా గట్టిగా వెన్నుతట్టింది. మొదట డట్టన్ వయాడక్ట్‌కు వేసిన టెండరు పోయింది. విలియం మెకెంజీ 5,000 పౌండ్లు తక్కువకు వేసి ఆ పని దక్కించుకున్నాడు. 1835లో స్టాఫర్డ్, వుల్వర్‌హాంప్టన్‌ల మధ్య పెంక్రిడ్జ్ వయాడక్ట్, దానితో పాటు పది మైళ్ల దారి బ్రాసీకి దక్కాయి. ఆ తరువాత ఆయన వెనుదిరిగి చూసుకోలేదు. సరైన కాలంలో పుట్టిన అదృష్టవంతుడని నా అభిప్రాయం.

కొలతల పుస్తకం:

రైలుబాట గారూ, అదృష్టం అన్నచోట నేను ఆగిపోయాను. అదే కాలంలో పుట్టి, అవే టెండర్లు వేసి, ఇల్లూ వాకిలీ అమ్ముకున్న గుత్తేదారులు ఎందరో ఉన్నారు. నా ఉద్యోగమంతా మట్టిపని కొలతలు రాసి బిల్లులు కట్టడంలోనే గడిచింది. అందుకే బ్రాసీ కథలో నన్ను కట్టిపడేసేది వంతెనలు కాదు, ఆయన ధర కట్టిన తీరు, నష్టం వచ్చినప్పుడు నడుచుకున్న తీరు.

చదువరి గారూ, మీ మొదటి ప్రశ్నకు నేరుగా వస్తాను. గుత్తేదారు చేసే అసలు పని తెలియనిదానికి ధర కట్టడం. ఇంజినీరు కాగితం మీద ఒక కొండకోత చూపిస్తాడు, ఇన్ని ఘనపు గజాలని లెక్క ఇస్తాడు. ఆ కొండ లోపల మెత్తటి మట్టి ఉందో, జిగురు బంకమన్ను ఉందో, గునపానికి లొంగని రాయి ఉందో అక్కడక్కడా తవ్విన పరీక్ష గోతులే చెప్పాలి. మిగిలినదంతా ఊహ. ఆ ఊహకు ఒక అంకె వేసి సంతకం పెట్టేది గుత్తేదారు. ఆ తరువాత గుర్రాలు, బండ్లు, తాత్కాలిక పట్టాలు, ఇటుకలు, కలప ముందుగా తన డబ్బుతోనే కొనాలి. నెలకోసారి ఇంజినీరు పని కొలిచి ధ్రువీకరిస్తేనే కంపెనీ చెల్లిస్తుంది, అందులోనూ కొంత చేతిలో ఉంచుకుంటుంది. ఈలోగా వేల మందికి కూలి ఆగకూడదు. కంపెనీ డబ్బు చేతికి వచ్చేదాకా దారి నిర్మాణం గుత్తేదారు పరపతి మీదే నడుస్తుంది.

బ్రాసీ పనిని ముక్కలుగా విడగొట్టి ఉప గుత్తేదారులకు ఇచ్చేవాడు. సామగ్రి, యంత్రాలు, ఇటుకలు అన్నీ తనవి. వాళ్లు తెచ్చేది మనుషులను మాత్రమే. ఆ ముక్కలకు వేలంపాట పెట్టేవాడు కాదు. ఈ కోతకు గజానికి ఇంత అని తానే ధర చెప్పేవాడు, వాళ్లు ఒప్పుకునేవారు. ఎందుకు ఒప్పుకునేవారో ఆయన జీవితచరిత్రలో ఉంది. మట్టి అనుకుని తీసుకున్న కోతలో రాయి పడితే, బ్రాసీ తనిఖీకి వచ్చినప్పుడు ఉప గుత్తేదారు గోడు చెప్పుకునేవాడు. ఆయన కోత అంచున నిలబడి రాయిని చూసేవాడు, బయటికి వెళ్తున్న బండ్లను లెక్కపెట్టేవాడు, అక్కడికక్కడే ధర పెంచి ఏజెంటుకు చెప్పేవాడు. ఒప్పందం ప్రకారం ఆయన పైసా కూడా ఇవ్వనక్కరలేదు. కొలతలు రాసే మనిషిగా చెబుతున్నాను, ఇది దానం కాదు, చక్కటి వ్యాపార జ్ఞానం. నష్టపోతున్న ఉప గుత్తేదారు పని నాసిగా చేస్తాడు, లేదా రాత్రికి రాత్రి వదిలేసి పోతాడు. అర్ధంతరంగా ఆగిన కోతను మళ్లీ మొదలుపెట్టడానికి అయ్యే ఖర్చు ఆ పెంపుకు ఎన్నో రెట్లు.

ఇక ఒకేసారి ఇన్ని దేశాల్లో ఎలా అన్న ప్రశ్న. ప్రతి పనికీ ఒక ఏజెంటు ఉండేవాడు. మనిషిని ఎంచుకోవడంలో బ్రాసీ చాలా జాగ్రత్త తీసుకునేవాడు, ఎంచుకున్నాక చేతులు కట్టేసేవాడు కాదు. గ్రేట్ నార్తర్న్ దారి పీటర్‌బరో దక్షిణాన హోమ్ దగ్గర బురద నేలల మీదుగా పోవాలి. అక్కడ పీట్ నేల, అంటే సగం కుళ్లిన మొక్కలతో ఏర్పడిన నేల, నీళ్లతో ఉబ్బి, మనిషి నడిస్తేనే కదిలేది. గట్టు పోస్తే అది మింగేస్తుంది. ఏజెంటు స్టీఫెన్ బలార్డ్ కట్టెల మోపులను, పీట్ గడ్డలను పొరలు పొరలుగా పరిచి తెప్పలా చేశాడు. దాని మీద బరువు కొద్దికొద్దిగా పెంచుతూ పోయాడు. తొందరపడి ఒక్కసారిగా మట్టి పోసి ఉంటే నేల పక్కలకు చీలిపోయేది. నెమ్మదిగా పోయడంతో నీరు పిండినట్టు బయటికి పోయి, నేల బిగిసింది. 1850లో ఆ దారిలో రైళ్లు నడిచాయి. ఈనాటికీ లండన్-ఎడిన్‌బరో ప్రధాన మార్గం అదే.

ఫ్రాన్సు సంగతి వేరు. 1841లో పారిస్-రూవాన్ దారి పని వచ్చినప్పుడు బ్రాసీ జత కట్టింది ఎవరితో అనుకున్నారు? డట్టన్ పని ఎగరేసుకుపోయిన ఆ మెకెంజీతోనే. ఇంజినీరు జోసెఫ్ లాక్. ఇంగ్లండు నుంచి వేల మంది నావీలను, అంటే రైల్వే మట్టిపనివాళ్లను, ఓడలెక్కించి తీసుకువెళ్లారు. ఇంగ్లిషు కూలీకి ఫ్రెంచి కూలీకంటే దాదాపు రెట్టింపు కూలి. అయినా గజం మట్టికి పడిన ఖర్చు పెరగలేదు. ఎక్కువ కూలి తీసుకునేవాడు కడుపునిండా మాంసం తిని, రెట్టింపు మట్టి ఎత్తేవాడు. రోజు కూలి ఎక్కడ ఎంతున్నా పూర్తయిన పనికి అయ్యే ఖర్చు అన్ని దేశాల్లోనూ ఇంచుమించు ఒక్కటేనని బ్రాసీ తేల్చుకున్నాడు. ఆయన పెద్ద కొడుకు 1872లో ఈ వాదనను అంకెలతో సహా అచ్చు వేయించాడు. తక్కువ కూలి ఇస్తే లాభం మిగులుతుందని నమ్మే ప్రతి గుత్తేదారూ దాన్ని చదవాలి.

ఇప్పుడు బరెంటీన్ గురించి చెప్పకపోతే నా మనసు ఒప్పదు. రూవాన్ నుంచి ల హావ్ర్ వరకు పొడిగించిన దారిలో బరెంటీన్ ఊరి దగ్గర లోయ మీద ఇటుకలతో కట్టిన కమానుల వంతెన అది. నూరు అడుగుల ఎత్తు, 27 కమానులు. కట్టుబడి దాదాపు ముగిసింది. కొన్ని రోజులు జోరున వాన కురిసింది. 1846 జనవరి 10న వంతెన మొత్తం కూలింది. కారణం ఇదమిత్థమని ఎవరూ తేల్చలేదు, కానీ అనుమానం సున్నం మీదికి పోయింది. గచ్చుకు స్థానిక సున్నమే వాడాలని ఒప్పందంలో ఉంది.

కూలిన గచ్చు ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. లోపల ఇంకా బిగియని సున్నం నీటిని పీల్చి, వేలితో గీకితే పిండిలా రాలుతుంది. రెండు ఇటుకలను పట్టి ఉంచవలసిన పొర ఇసుకగా మారిపోతుంది. పైన ఎంత బరువున్నా నిలబడవలసిన కమాను అప్పుడు ఇటుకల కుప్ప మాత్రమే.

సున్నం ఎంపిక తనది కాదు. కోర్టుకు వెళ్లి ఉంటే వాదించడానికి గట్టి ఆధారమే ఉంది. దాదాపు 50,000 పౌండ్ల పని అది. బ్రాసీ, మెకెంజీ వ్యాజ్యం వేయలేదు. తప్పు ఎవరిదో తేలేదాకా ఆగకుండా, వెంటనే ఇటుకలు కొన్నారు, ఈసారి తాము ఎంచుకున్న సున్నం తెప్పించారు, సొంత ఖర్చుతో ఆరు నెలల్లో వంతెనను మళ్లీ లేపారు. 1847 మార్చిలో దారి తెరుచుకుంది. ఆ వంతెన మీద నేటికీ రైళ్లు నడుస్తున్నాయి. ఆ తరువాత ఐరోపాలో ఏ రైల్వే కంపెనీ అయినా బ్రాసీ టెండరు చూసినప్పుడు అంకెతో పాటు బరెంటీన్‌ను కూడా తూచి ఉంటుందని నా గట్టి నమ్మకం.

1866 విషయానికొస్తే, మే 10న లండన్‌లో ఓవరెండ్ గర్నీ అనే పెద్ద హుండీ వ్యాపార సంస్థ చెల్లింపులు ఆపేసింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ పది శాతానికి చేరింది. శామ్యూల్ మోర్టన్ పీటో, ఎడ్వర్డ్ బెట్స్‌ల సంస్థ ఆ దెబ్బకే పడిపోయింది. పీటో తెలివితక్కువవాడు కాదు. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నెల్సన్ స్తంభం కట్టింది ఆయన సంస్థే. అయితే లండన్-చాటమ్-డోవర్ దారిలో కట్టిన పనికి బదులుగా నగదు కాకుండా షేర్లు, రుణపత్రాలు తీసుకుని, వాటిని తాకట్టు పెట్టి మళ్లీ అప్పు తెచ్చి కట్టుకుంటూ పోయాడు. అప్పు పుట్టినంతకాలం ఆ చక్రం తిరిగింది. బ్రాసీ కూడా షేర్లు తీసుకున్నవాడే. కెనడాలో పీటో, బెట్స్, జాక్సన్‌లతో కలిసి గ్రాండ్ ట్రంక్ రైల్వే కట్టి, భాగస్వాములంతా కలిసి దాదాపు పది లక్షల పౌండ్లు పోగొట్టుకున్నారు. తేడా ఏమిటంటే, బ్రాసీ ఒక్క గుర్రం మీదే పందెం కాయలేదు. ఒకచోట నష్టం వస్తే పూడ్చడానికి మరో పది చోట్ల నగదు వచ్చే పనులు ఉన్నాయి, పైగా ఆయన మాట మీద అప్పు ఇచ్చేవాళ్లు ఆ ఏడాది కూడా మిగిలారు.

అదే ఏడాది ఆస్ట్రియా, ప్రష్యాల యుద్ధం. నాటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని గలీసియాలో లెంబర్గ్-చెర్నోవిట్జ్ దారి పనివాళ్లకు కూలి డబ్బు చేరడం లేదు. ఆ దారి వ్యవహారాలు చూసే విక్టర్ ఓఫెన్‌హైమ్ ఒక పాత ఇంజిను సంపాదించి, రెండు సైన్యాల మధ్య నుంచి పూర్తి వేగంతో నడిపించుకుంటూ జీతాల డబ్బు తీసుకువెళ్లాడని బ్రాసీ జీవితచరిత్ర చెబుతుంది. కూలి ఆగితే పని ఆగుతుందని ఆ సంస్థలో అందరికీ అంతగా ఒంటబట్టింది.

శ్రమచరిత్ర:

కొలతల పుస్తకం గారూ, మనసు పెట్టి రాశారు. కానీ ఈ కథలో తవ్వినవాళ్లు ఎక్కడ? లోతైన కోతల్లో తోపుడుబండి దారి ఎలా ఉండేదో ఒకసారి తలచుకోండి. కోత గోడకు ఆనించి నిటారుగా పలకలు వేసేవారు. ఒంటిచక్రపు బండి నిండా మట్టి. బండికి, మనిషి నడుముకు కలిపి తాడు కట్టి, పైన కప్పీ మీదుగా గుర్రానికి తగిలించేవారు. గుర్రం అవతలికి నడుస్తుంటే మనిషి బండిని నిలబెట్టుకుంటూ ఆ తడి పలకల మీద పైకి ఎక్కాలి. కాలు జారితే బండిని ఒక పక్కకు నెట్టి తాను మరో పక్కకు దూకాలి. దూకలేకపోతే బండీ మట్టీ తన మీదే.

వుడ్‌హెడ్ సొరంగం 1839 నుంచి 1845 దాకా తవ్వారు. 32 మంది చనిపోయారు, దాదాపు 140 మందికి తీవ్ర గాయాలు. యుద్ధంలో సైనికుల నష్టం శాతంతో పోల్చి సంఘ సంస్కర్త ఎడ్విన్ చాడ్విక్ ఈ సంగతి లోకానికి చెప్పాడు. చాలాచోట్ల కూలి నెలకోసారే ఇచ్చేవారు. ఈలోగా గుత్తేదారు దుకాణంలో చీట్ల మీద కల్తీ సరుకు ఎక్కువ ధరకు కొనుక్కోవాలి. 1846లో పార్లమెంటు కమిటీ విచారణ జరిపి, ప్రమాదాలకు యజమాని బాధ్యత వహించాలనీ, కూలి నగదుగా ఇవ్వాలనీ సిఫారసు చేసింది. ఆ నివేదికను పక్కన పెట్టేశారు. బ్రాసీ చనిపోయేనాటికి ఆస్తి 50 లక్షల పౌండ్లు దాటింది. చనిపోయిన నావీల పేర్లు ఎన్ని రాసి ఉన్నాయి? యార్క్‌షైర్‌లో ఓట్లీ చర్చి ఆవరణలో బ్రామ్‌హోప్ సొరంగంలో పోయినవారికి సొరంగ ముఖద్వారం ఆకారంలోనే ఒక స్మారకం ఉంది. అలాంటివి అరుదు.

కొలతల పుస్తకం:

మీరు రాసిన ప్రతి మాటా ఈ చర్చలో ఉండవలసిందే. వుడ్‌హెడ్ బ్రాసీ పని కాదు, అయినా అది చెప్పి తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు. నేను మెచ్చుకున్న ఆ ఉప గుత్తేదారుల పద్ధతికి మరో ముఖం కూడా ఉంది. ధరతో పాటు ప్రమాదం కూడా మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది. బ్రాసీ నుంచి ఏజెంటుకు, అక్కడి నుంచి ఉప గుత్తేదారుకు, ఆపై మేస్త్రీకి, చివరికి పది పదమూడు మంది కలిసి ముక్కపని చేసుకునే గుంపుకు. ఆ గుంపులోని మనిషి కాలు విరిగితే జవాబు చెప్పేది ఎవరు? ఒప్పంద పత్రంలో ఎవరూ లేరు.

బ్రాసీ తన మనుషులను బాగా చూసుకున్నాడని ఆనాటివాళ్లు చాలామంది చెప్పారు, నేను నమ్ముతాను. బేరాలు మందగించిన రోజుల్లో పాతవాళ్లకు పని చూపించడానికే కొన్ని పనులు ఒప్పుకున్నాడని కూడా అంటారు. కానీ అది ఒక మనిషి మంచితనం, హక్కు కాదు. 1846 కమిటీ అడిగింది సరిగ్గా అదే: మంచి యజమాని ఇష్టంతో చేసేదాన్ని చెడ్డ యజమాని చేత చట్టం చేయించాలని. పీటో ఆ కమిటీ ముందుకు వెళ్లి, తాను కూలి వారంవారం నగదుగా ఇస్తాననీ, దుకాణం పెట్టననీ చెప్పాడు. అంటే వ్యాపారం చెడకుండా అలా చేయడం సాధ్యమేనని ఆనాడే రుజువైంది. సాధ్యమని తెలిసీ చట్టం చేయకపోవడం నన్ను బాధిస్తుంది.

ఇంకొకటి. క్రిమియా యుద్ధంలో 1854-55 చలికాలం. బాలక్లావా రేవులో సరుకు ఉంది, కొన్ని మైళ్ల అవతల సైనికులు ఆకలితో, చలితో చస్తున్నారు, మధ్యలో మోకాలిలోతు బురద. పీటో, బ్రాసీ, బెట్స్ లాభం లేకుండా, అయిన ఖర్చుకే రైలు వేస్తామన్నారు. ఫిబ్రవరిలో నావీలు దిగారు, ఏడు వారాల్లో ఏడు మైళ్ల దారి పడింది. పాఠ్యపుస్తకాలు దీన్ని ముగ్గురు గుత్తేదారుల దేశభక్తిగా రాస్తాయి. ఆ చలిలో పట్టాలు మోసిన నావీల పేరే ముందు రాయాలి.

చదువరి:

అందరికీ ధన్యవాదాలు. బ్రాసీ, శ్రమచరిత్ర గారి నావీలు, ఇద్దరూ ఇప్పుడు నాకు కనిపిస్తున్నారు. చివరగా ఒక సందేహం. ఇంత పెద్ద సంస్థ తరువాత ఏమైంది? ఇంగ్లండులో ఆ పేరుతో నిర్మాణ కంపెనీ ఏదీ కనిపించదు. బర్కెన్‌హెడ్‌లో ఒక కర్మాగారం ఉండేదని మాత్రం చదివాను.

కొలతల పుస్తకం:

ఆ కర్మాగారం పేరు కెనడా వర్క్స్. 1853లో గ్రాండ్ ట్రంక్ కోసమే పెట్టారు, బ్రాసీ బావమరిది జార్జ్ హారిసన్ నడిపాడు. మాంట్రియల్ దగ్గర సెయింట్ లారెన్స్ నది మీద విక్టోరియా వంతెనకు, రైలు లోపలి నుంచి వెళ్లే ఇనుప గొట్టాలు ముక్కలుగా తయారై వెళ్లింది అక్కడి నుంచే. నడిమి గొట్టానికే 10,309 ముక్కలు, వాటిలో దాదాపు ఐదు లక్షల రంధ్రాలు. సముద్రం దాటి వెళ్లాక బిగిస్తే ఒక్క రేకును సరిదిద్దే అవసరం రాలేదట, ఒక్క రంధ్రమూ తప్పు పడలేదట. 1859 డిసెంబరులో దాని మీద మొదటి రైలు వెళ్లింది. చేతిలో గీతబద్ద, సుద్దముక్క పట్టుకుని ఆ రంధ్రాలకు గుర్తులు పెట్టిన పనివాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను.

సంస్థ విషయం. మనం అనుకునే అర్థంలో అది ఒక కంపెనీ కాదు. ప్రతి పనికీ విడివిడిగా భాగస్వామ్య పత్రం రాసుకునేవారు: ఒకచోట మెకెంజీతో, ఒకచోట పీటో, బెట్స్‌లతో, బెంగాల్లో కలకత్తా-కుష్టియా దారికి పాక్స్‌టన్, వైథెస్, హెన్‌ఫ్రీలతో. దారి అప్పగించి లెక్కలు తేలగానే ఆ భాగస్వామ్యం ముగిసేది. వీటన్నిటినీ కలిపి ఉంచింది ఆయన జ్ఞాపకశక్తి, ఉత్తరాలు, అప్పు పుట్టించగల పేరు. 1870 డిసెంబరు 8న సెయింట్ లెనార్డ్స్‌లో ఆయన చనిపోయాక వారసులకు అందింది డబ్బే. సస్సెక్స్‌లోని క్యాట్స్‌ఫీల్డ్‌లో ఖననం చేశారు. కొడుకుల్లో ఎవరూ ఈ వృత్తిలోకి రాలేదు. ముగ్గురూ పార్లమెంటు సభ్యులయ్యారు, పెద్దవాడు థామస్ నౌకాదళ వ్యవహారాల్లో పేరు తెచ్చుకుని తరువాత ఎర్ల్ అయ్యాడు.

చూడాలనుకుంటే పెంక్రిడ్జ్ వయాడక్ట్ ఏడు కమానులతో అలాగే ఉంది. చెస్టర్ స్టేషను కూడా ఆయన కట్టించిందే. లండన్‌లో ఇంజినీరు బాజల్జెట్ రూపొందించిన మురుగు కాలువల్లో కెన్సల్ గ్రీన్ నుంచి బో వరకు పన్నెండు మైళ్ల పొడవున్న 'మధ్య మట్టపు' కాలువ కూడా ఆయన గుత్తే. మీరు పీటో గురించి విడిగా చర్చ మొదలుపెడితే ఆయన షేర్ల లెక్క వివరంగా రాస్తాను, ఇక్కడ రెండు వాక్యాల్లో తేల్చేసినది నిజానికి చాలా పెద్ద కథ.